ఆరు నెలల బెంగళూరు కాపురానికి ఐదు కిలోల గ్యాస్ బండ

ఆరు నెలల ప్రాజెక్టు మీద వచ్చినవాళ్లకీ, కోచింగుకని వచ్చి మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో గది తీసుకున్నవాళ్లకీ, కిద్వాయిలోనో నిమ్హాన్స్‌లోనో ఇంటి మనిషికి వైద్యం చేయిస్తూ దగ్గర్లోనే ఉంటున్నవాళ్లకీ మొదటి వారంలోనే వచ్చే ఇబ్బంది పొయ్యిది. హోటల్ తిండి పది రోజులు నడుస్తుంది. ఆ తర్వాత సాంబారులో బెల్లం తీపి నాలుకకి తెలియడం మొదలవుతుంది, ఇంత చారన్నం తింటే బాగుండుననిపిస్తుంది. జబ్బుమనిషికైతే మెత్తటి అన్నం, పలచటి పప్పు వేళకి కావాలి. ఆ అవసరానికి సరిగ్గా సరిపోయేది పెట్రోలు బంకుల్లో, గ్యాస్ ఏజెన్సీల్లో అమ్మే ఐదు కిలోల చిన్న బండ. దీని మంచిచెడ్డలు తెలియక కొందరు పెద్ద కనెక్షన్ కోసం నెలంతా తిరుగుతారు. ఇంకొందరు అంతకన్నా ప్రమాదకరమైన దారి పడతారు.

ఈ బండలు పెట్రోలు బంకుల్లో అమ్మకం మొదలైంది 2013 అక్టోబరులో. ఆ పథకాన్ని ప్రారంభించింది కూడా బెంగళూరులోనే. ఇండేన్ వాళ్లు దీనికి 2020 డిసెంబరులో ఛోటూ అని పేరు పెట్టారు. హెచ్‌పీ, భారత్ గ్యాస్ వాళ్లవీ ఇదే కొలతలో దొరుకుతాయి. దీని గొప్పంతా ఒక్కచోట ఉంది: చిరునామా రుజువు అడగరు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఒక్కటి చూపిస్తే చాలు. అద్దె ఒప్పందం ఇంకా చేతికి రాకపోయినా, ఇంటి ఓనరు సంతకం పెట్టనన్నా పని ఆగదు. బండ మీ సొంతం. డిపాజిట్ కాదు, కొనుగోలు. ఖాళీ అయ్యాక అదే కంపెనీ బండలు అమ్మే చోటికి తీసుకెళ్లి నిండుది మార్చుకోవడమే.

పెద్ద 14.2 కిలోల ఇంటి కనెక్షన్ ఎందుకు వద్దు? ఊళ్లో ఇప్పటికే మీ ఇంటికి ఒక కనెక్షన్ ఉంటుంది. నిబంధన ప్రకారం ఒక కుటుంబానికి ఒక్కటే. దాన్ని ఇక్కడికి మార్చుకుంటే అక్కడ అమ్మకి పొయ్యి ఉండదు. కొత్తగా తీసుకుందామంటే 2022 జూన్ నుంచి సిలిండర్ డిపాజిట్ 2,200, రెగ్యులేటర్‌కి 250. అద్దె ఒప్పందం, కేవైసీ సరేసరి. ఆరు నెలలకి మళ్లీ అవన్నీ అప్పగించి డిపాజిట్ వెనక్కి తెచ్చుకోవాలి. ఏడాది దాటి ఉండేవాళ్లకీ, నలుగురున్న ఇంటికీ పెద్ద కనెక్షనే లాభం, అందులో అనుమానం లేదు. 2025 ఏప్రిల్ పెంపు తర్వాత బెంగళూరులో ఇంటి బండ 855.50 అయింది, అంటే కిలో అరవై రూపాయలు. చిన్న బండలో గ్యాస్‌కి రాయితీ లేదు, ధర హోటళ్లు కొనే గ్యాస్‌కి దగ్గరగా ఉంటుంది. అప్పట్లో కిలోకి ఇంటి గ్యాస్ కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు పడేది. ఈ రేటు ఒకటో తారీఖుకి మారుతూ ఉంటుంది కాబట్టి కొనే రోజు కంపెనీ సైటులో చూసుకుని వెళ్లడం మంచిది.

మొదటిసారి కొన్నప్పుడు బిల్లులో సిలిండర్ ధర, గ్యాస్ ధర, రెగ్యులేటర్ విడివిడిగా కనిపించాలి. అన్నీ కలిపి ఒక్క అంకె రాసిస్తే ఒప్పుకోవద్దు. పొయ్యి కూడా మా దగ్గరే కొనాలని ఎవరైనా అంటే, ఆ అవసరం లేదని చెప్పి బయటికి రావచ్చు. బెంగళూరు కొట్లలో తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామందే ఉంటారు గానీ నాలుగు కన్నడ ముక్కలు నోట్లో ఉంటే పని సులువు. "ఐదు కేజీ సిలిండర్ ఇదెయా?" అంటే ఉందా అని. "తూక మాడి తోరిసి" అంటే తూచి చూపించమని. "బిల్ కొడి" అంటే బిల్లు ఇవ్వమని. మనకి కొట్టడంలా వినిపించినా వాళ్లకి 'కొడి' అంటే ఇవ్వడమే. ఆ బిల్లు పారేయొద్దు, ఊరు వదిలేటప్పుడు దానితో పని ఉంది.

కొట్లోనే నాలుగు చూపులు చూడాలి, ఇంటికొచ్చాక చూసి లాభం లేదు. మొదటిది సీలు. వాల్వ్ మీద ప్లాస్టిక్ సీలు చెక్కుచెదరకుండా ఉండాలి. రెండోది బరువు. బండ పైభాగంలో ఖాళీ బరువు ముద్ర కొట్టి ఉంటుంది. కాటా మీద పెట్టినప్పుడు వచ్చిన అంకెలోంచి దాన్ని తీసేస్తే ఐదు రావాలి. మూడోది పరీక్ష గడువు. పట్టుకునే చోట నిలువు పట్టీల లోపలి వైపు ఒక అక్షరం, పక్కన రెండంకెల సంవత్సరం ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ వరకు, సి సెప్టెంబరు వరకు, డి డిసెంబరు వరకు. బి-28 అని ఉంటే 2028 జూన్ ఆఖరు దాకా ఆ బండ వాడవచ్చు. గడువు దాటినది ఇస్తే మార్చమని అడగడం మీ హక్కు.

నాలుగోది చాలామంది చూడనిది, అసలు గొడవంతా అక్కడే. సీలు తీయించి వాల్వ్ గుంతలోకి తొంగి చూడండి. లోపల నల్లటి రబ్బరు రింగు ఒకటి కనిపించాలి. చిటికెన వేలికి ఉంగరంలా పట్టేంత చిన్నది. రెగ్యులేటర్‌కీ వాల్వ్‌కీ మధ్య గ్యాస్ బయటికి పోకుండా ఆపేది అదొక్కటే. అది లేకపోయినా, ఎండిపోయి పగిలినా, ఒక అంచు పైకి లేచినా రెగ్యులేటర్ ఎంత గట్టిగా కూర్చున్నా గ్యాస్ కారుతూనే ఉంటుంది. కొత్త బండ పెట్టగానే వాసన వస్తే పైపుని అనుమానిస్తారు, రెగ్యులేటర్‌ని తిప్పి తిప్పి పెడతారు. చాలాసార్లు తప్పు ఈ రింగుదే. కొట్లో ఉండగానే చూస్తే వాళ్లే ఇంకోటి వేసిస్తారు, పైసా ఖర్చు ఉండదు. బయట దొరికే ఏదో రబ్బరు ముక్కని సొంతంగా దూర్చవద్దు.

రెగ్యులేటర్ ఇళ్లలో వాడే తక్కువ ఒత్తిడిదే కావాలి. పానీపూరీ బండ్ల దగ్గర, వంట మేస్త్రీల దగ్గర కనిపించే మరలు తిప్పే ఎక్కువ ఒత్తిడి రకం మామూలు పొయ్యికి పెడితే మంట బర్నర్ మీద నిలవదు, పైపు మీద భారం పడుతుంది. పైపు ఐఎస్ఐ గుర్తున్న నారింజ రంగు సురక్ష పైపే కొనండి. పొడవు ఒకటిన్నర మీటరు మించకూడదు. దాని మీద అచ్చయిన తేదీ చూసుకోండి, అయిదేళ్లు దాటితే మార్చాలి. గదిలో ముందున్నవాళ్లు వదిలేసి వెళ్లిన పాత పైపుని, అది ఎంత బాగున్నట్టు కనిపించినా, వాడకండి.

బిగించేటప్పుడు రెగ్యులేటర్ నాబ్ ఆఫ్‌లో ఉండాలి. కింది రింగుని పైకి పట్టుకుని వాల్వ్ మీద నిలువుగా కూర్చోబెట్టి రింగు వదిలితే టక్కుమంటుంది. ఆ టక్కు వినబడకపోతే సరిగ్గా కూర్చోలేదని. తర్వాత సబ్బు నురుగు చేసి వాల్వ్ చుట్టూ, పైపు రెండు చివర్లా రాసి నాబ్ తిప్పండి. బుడగలు లేస్తే ఆఫ్ చేసి మూత పెట్టి కొట్టుకి తీసుకెళ్లండి. అగ్గిపుల్లతో మాత్రం ఎప్పుడూ చూడొద్దు. సీలుతో పాటు వచ్చే తెల్ల మూతకి దారం ఉంటుంది. దాన్ని తెంపి పారేయకుండా బండకే వేలాడనివ్వండి. కారుతున్న బండకి ఆ మూత బిగిస్తే గ్యాస్ ఆగుతుంది, ప్రాణాల మీదకి వచ్చినప్పుడు అదే అక్కరకొస్తుంది. గ్యాస్ అత్యవసర నంబరు 1906, గోడ మీద రాసి పెట్టుకోండి.

ఎక్కడ పెట్టాలన్నది గదిని బట్టి ఉంటుంది. వంట గ్యాస్ గాలికన్నా బరువైనది, నేల మీదకి దిగి అక్కడే ఆగుతుంది. అందుకే బండ నేల మీద నిలువుగా, పొయ్యి గట్టు మీద, కిటికీ తెరిచి. బట్టల అలమరలో, మంచం కింద పెట్టవద్దు. పీజీ ఓనర్లు గదుల్లో వంట వద్దంటారు, గాలి ఆడని గదిలో అది సరైన మాటే. ఫ్లాటులో పైపు గ్యాస్ ఉంటే ఈ బండతో పనే లేదు. కాకపోతే సిలిండర్‌కి వాడిన పొయ్యి పైపు గ్యాస్‌కి అలాగే పనిచేయదు, లోపలి జెట్లు మార్పించాలి.

బండ తల మీదే నేరుగా బిగించే చిన్న బర్నర్లు కూడా అమ్ముతారు. పైపు ఖర్చు లేదని తీసుకుంటారు. మూడు లీటర్ల కుక్కర్ నిండా పెడితే బరువంతా పైకి వచ్చి చేయి తగిలితే ఒరిగిపోతుంది, వేడంతా వాల్వ్ మీదకి దిగుతుంది. టీకి తప్ప దేనికీ పనికిరాదు. ఇంట్లో పిల్లలుంటే టీకి కూడా వద్దు.

ఎన్నాళ్లు వస్తుంది? పెద్ద బర్నర్ పూర్తి మంట మీద గంటకి సుమారు 150 గ్రాములు తాగుతుంది. అంటే ఐదు కిలోలు 33 గంటల పూర్తి మంట. ఒక్క మనిషి, రోజుకి ఒకపూట కుక్కర్‌లో అన్నం పప్పు, ఒక కూర, రెండు టీలు వండుకుంటే నెల మీద నాలుగు రోజులు వస్తుంది. ఇద్దరు రెండు పూటలా వండుకుంటే మూడు వారాలు. పొద్దున్నే దోసెలు పోసుకునేవాళ్లు ఇంకో నాలుగు రోజులు తగ్గించుకోవాలి, పెనం ఎంతసేపూ మంట మీదే ఉంటుంది కదా.

ఈ లెక్కని తలకిందులు చేసేది స్నానానికి నీళ్లు కాచడం. పదిహేను లీటర్ల బకెట్‌ని ఇరవై డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు 45 గ్రాముల గ్యాస్ పోతుంది. రోజుకో బకెట్ చొప్పున నెలకి కిలో మీద మూడొందల యాభై గ్రాములు, బండలో నాలుగో వంతు దాటి స్నానాల గదికే. జబ్బుమనిషి కోసం తప్పదంటే వేరు సంగతి. లేకపోతే గీజరున్న గది వెతుక్కోవడమే చవక.

పప్పు ఉడకడం లేదని బండనీ మంటనీ తిట్టుకునేవాళ్లు చాలామంది. తప్పు బండది కాదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూతలేని గిన్నెలో కందిపప్పు పెడితే విజయవాడలో పట్టే టైముకి ఇక్కడ ఉడకదు. పైగా వైట్‌ఫీల్డ్, మహదేవపుర వైపు చాలా ఇళ్లకి బోరు నీళ్లే. సున్నం ఎక్కువున్న ఆ నీళ్లలో పప్పు గట్టిపడుతుంది, అయిదు విజిల్స్ తర్వాత కూడా గింజ గింజగానే ఉంటుంది. పప్పుని అరగంట నానబెట్టి, కావేరి నీళ్లో క్యాను నీళ్లో పోసి, కుక్కర్‌లో మొదటి విజిల్ దాకా పూర్తి మంట, ఆపై సిమ్ చేస్తే గ్యాస్ బాగా మిగులుతుంది. చింతపండు పులుసు పప్పు మెత్తబడ్డాకే పోయాలి, పులుపు ముందే పడితే ఎంతసేపు పెట్టినా మెదగదు. గోంగూర పప్పు చేసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం, ఆకు విడిగా మగ్గించి కలపండి.

డిసెంబరు, జనవరి పొద్దుళ్లలో ఇంకో తమాషా కనిపిస్తుంది. రెండు బర్నర్లూ ఒకేసారి పెద్దగా పెడితే బండ బయట చెమట పట్టినట్టు నీటి బిందువులు చేరతాయి, మంట తగ్గుతుంది. లోపల ద్రవం ఆవిరయ్యేటప్పుడు బండ నుంచే వేడి లాక్కుంటుంది. చిన్న బండకి ఒంటి విస్తీర్ణం తక్కువ, గదిలోంచి ఆ వేడి అంత తొందరగా తిరిగి చేరదు. అడుగున కొద్దిగానే మిగిలినప్పుడు ఇది మరీ ఎక్కువ. ఒక బర్నర్ ఆపేసి పది నిమిషాలు ఆగితే చాలు. ఆ కాస్త గ్యాస్ కోసం బండని పడుకోబెట్టడం, వేడినీళ్లు పోయడం ఊళ్లలో చూసిన అలవాటు. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. ఆ ద్రవం బయటపడితే సుమారు 250 రెట్లు పెరిగి గ్యాసవుతుంది. మంట ఒక్కసారిగా పైకి లేచి ముఖాలు కాలేది ఇలాగే. ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే తడిగుడ్డతో బండని పైనుంచి కిందికి ఒకసారి తుడవండి. ద్రవం ఉన్నంత మేరా తడి ఆలస్యంగా ఆరుతుంది, ఆ గీత కంటికే కనిపిస్తుంది. సూట్‌కేసులు తూచే చేతి కాటా ఉంటే ఇంకా మేలు.

ఇండక్షన్ పొయ్యితో పోల్చకుండా ఈ మాట పూర్తి కాదు. ఐదు కిలోల గ్యాస్ చేసే వంటని ఇండక్షన్ సుమారు 50 యూనిట్ల కరెంటుతో చేస్తుంది. యూనిట్ ఆరు రూపాయల చొప్పున వేసుకున్నా మూడు వందలు. ఖర్చు ఒక్కటే చూస్తే ఇండక్షన్‌దే పైచేయి. మీరుండే ఇంటికి కర్ణాటక ప్రభుత్వం ఇచ్చే ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి ఉంటే మాత్రం ఓనరుతో ముందే మాట్లాడుకోండి. పాత వాడకం సగటు మీద కొంత కలిపి అంతవరకే ఉచితం, నెలకి 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లూ కట్టాలి. మీ 50 యూనిట్లతో ఆ గీత దాటితే గొడవ మీ మీదకే వస్తుంది. 2,000 వాట్ల పొయ్యి దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. అద్దె గదుల్లో గోడకుండే చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లకే. ప్లగ్గు కరిగి నల్లబడేది అందుకే. పెద్ద ప్లగ్గు లేకపోతే 1,200 వాట్లు మించి పెట్టొద్దు. అల్యూమినియం కుక్కరు, మట్టి చట్టి దాని మీద పనిచేయవు. అప్పడం కాల్చడానికి, వంకాయ కాల్చి పచ్చడి నూరుకోవడానికి మంటే కావాలి. రెండూ పెట్టుకునే వీలుంటే అన్నం, టీ ఇండక్షన్ మీద, కూర, తాలింపు గ్యాస్ మీద చేసుకుంటే బండ రెండు నెలలకి దగ్గరగా లాగుతుంది.

ఇక ఎవరెంత చవకని చెప్పినా వెళ్లకూడని దారి. పీజీలు ఎక్కువున్న వీధుల్లో కంపెనీ పేరులేని పల్చటి చిన్న సిలిండర్లు అమ్మి, కిలో లెక్కన గ్యాస్ నింపే కొట్లు కనిపిస్తాయి. ఇంటి బండని తలకిందులు చేసి ఒక గొట్టంతో చిన్నదాంట్లోకి వంపుతారు. నింపేటప్పుడు కొంత గ్యాస్ ఆ గదిలోనే వదిలిపోతుంది, ఎవరైనా స్విచ్ వేసినా అంటుకుంటుంది. ఎంత నిండిందో కొలత ఉండదు. కంపెనీ బండలో ద్రవం పైన కొంత ఖాళీ ఉంచేది వేడికి వ్యాకోచించినప్పుడు చోటు ఉండాలని. ఇక్కడ అంచుదాకా నింపేస్తారు, ఎండలో అటక మీద పెడితే పగిలిపోవడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు. వాల్వ్‌కి పరీక్ష లేదు, గడువు ముద్ర లేదు. చట్టానికి కూడా విరుద్ధం. కిలోకి పాతికో ముప్ఫయ్యో మిగులుతాయని ఇంటిల్లిపాదినీ దాని పక్కన పడుకోబెట్టవద్దు. పిల్లల్ని చదువుకి పంపే తల్లిదండ్రులు గదికి వచ్చినప్పుడు పుస్తకాలతో పాటు బండ మీద ఐఎస్ఐ గుర్తు, కంపెనీ పేరు కూడా చూడాలి.

చిన్న బండకి లోటుపాట్లు లేకపోలేదు. ఒక్కటే ఉంటుంది కాబట్టి రాత్రి తొమ్మిదింటికి అన్నం సగం ఉడికాక అయిపోతే చేసేదేమీ లేదు. అమ్మే బంకులన్నింట్లో ఎప్పుడూ నిండుబండ ఉండదు, పండగ వారాల్లో రెండు మూడు చోట్ల అడగాల్సి వస్తుంది. ఒక కంపెనీ ఖాళీ ఇంకో కంపెనీ తీసుకోదు. అందుకే కొనకముందే ఇంటి దగ్గర నడిచి వెళ్లేంత దూరంలో ఏ కంపెనీ కొట్టుందో చూసుకుని ఆ కంపెనీదే కొనాలి. మార్చడానికి తీసుకెళ్లేటప్పుడు ఆటోలో కాళ్ల దగ్గర నిలువుగా పెట్టుకోండి. మెట్రోలోకి రానివ్వరు.

ఊరు వదిలే వారం ముందే బండ ఖాళీ అయ్యేలా వాడకం సర్దుకోండి. రైల్లో, బస్సులో బండ తీసుకెళ్లడం నిషేధం, ఖాళీదైనా యశ్వంత్‌పూర్ స్టేషన్లో ఆపేస్తారు. కొన్న చోటికే ఖాళీ బండ, ఆ మొదటి రోజు బిల్లు తీసుకెళ్లి "వాపస్ తొగొళ్తీరా?" అని అడిగితే సిలిండర్ ధరలో కొంత తిరిగి ఇస్తారు.  రెగ్యులేటర్, పైపు, పొయ్యి మాత్రం సంచిలో వేసుకుని ఊరికి తెచ్చుకోవచ్చు. పైపు మీద తేదీ ఇంకా మూడేళ్లుంటే ఇంట్లో పాత పైపుకి బదులు అదే పెట్టేయండి.